కుట్టుకూలి ఇచ్చామా?



పోయిన నెల ఈ శీర్షికలో పిల్లల పైచదువుల గురించి రాస్తూ, పిల్లల ఇష్టం ఏమిటో ముందు కనుక్కోండి, తొందరపడి కాదనవద్దు అని తల్లిదండ్రులకు సలహా ఇచ్చాను. సలహా ఇవ్వడం తేలిక. అదే సంగతి నా ముందుకు వచ్చినప్పుడు నేనేం చేశానో ఈ నెల చెప్పాలి. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా చెబుతాను, ఎందుకంటే ఇది మీ ఇంటి సంగతి కూడా కావచ్చు.

మే నెల మొదటి వారం. మా అమృతలూరు చుట్టుపక్కల మొక్కజొన్న కోతలు అయిపోయి, కళ్లాల్లో గింజలు ఆరబోసి ఉన్నాయి. ఆ సాయంత్రం ఒక సహోదరి ఇంట్లో గృహకూడిక పెట్టుకున్నాం. ఆమె విధవరాలు. ముందుగదిలో కిటికీ పక్కన పెట్టుకున్న కుట్టుమిషనే ఆ ఇంటికి ఆధారం. కూడిక ముగిశాక టీ గ్లాసు అందిస్తూ ఆమె అడిగింది.

"అయ్యగారూ, మా అమ్మాయి ఇంటరు పాసయ్యింది. బట్టల డిజైనింగు చదువుతానంటోంది. మా అన్నయ్యేమో అవన్నీ మనకెందుకు, నర్సింగులో చేర్పించు అంటున్నాడు. మీరొక మాట చెప్పండి."

నేను ఆలోచించకుండానే చెప్పేశాను. "అమ్మా, ఫ్యాషనంటే లోకం. విశ్వాసుల పిల్లకు అదెందుకు? మీ అన్నయ్య చెప్పిందే మంచిది."

ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. మెల్లగా అంది. "అయ్యగారూ, మా అమ్మ కుట్టేదీ బట్టలే గదండీ. క్రిస్మసుకి మీరు వేసుకున్న లాల్చీ కూడా ఇక్కడ కుట్టిందే. మెడపట్టీ మీద పని నేనే చేశాను."

"నువ్వూరుకోవే" అని తల్లి కసిరింది. నేను నవ్వి ఊరుకున్నాను.

ప్రార్థన అంశాలు రాసుకుందామని ఒక కాగితం అడిగాను. ఆ పిల్ల మిషను సొరుగులోనుంచి ఒక పొడుగు నోటుపుస్తకం తీసి ఇచ్చింది. ఖాళీ పేజీ కోసం తిప్పుతుంటే లెక్కలు కనబడ్డాయి. అవి కుట్టుపని బాకీలు. చదువుతుంటే మన సంఘం హాజరుపట్టీలాగా ఉంది. పెద్దలున్నారు, స్త్రీల సమాజం వారున్నారు, గాయకబృందం పిల్లలున్నారు. డిసెంబరు పేజీలో ఒకచోట ఇలా ఉంది: అయ్యగారు, లాల్చీలు 2, పాప గౌను 1, అమ్మగారి జాకెట్లు 3. డబ్బులు ముట్టినవారి పేర్ల పక్కన టిక్కులున్నాయి. నా పేరు పక్కన లేదు.

డిసెంబరు ఎక్కడ, మే నెల ఎక్కడ! నా ముఖం చూసి ఆమె కంగారుపడింది. "ఫర్వాలేదులెండి అయ్యగారూ, మీ దగ్గర ఎక్కడికి పోతాయి?" అంది.

ఇంటికి వచ్చాక చాలాసేపు నిద్ర పట్టలేదు. క్రిస్మసుకు మందిరానికి సీరియలు బల్బులు వేయించాం. ఆ బల్బులవాడికి 26వ తారీఖునే డబ్బులిచ్చి పంపాను. అతడు టౌను నుంచి వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు గనుక ఇచ్చాను. ఈ సహోదరి నిలబడలేదు. ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చుని పాటలు పాడింది గాని ఒక్కసారీ అడగలేదు. అడగలేదు గనుక నేను మరచిపోయాను.

బట్టల గురించి నేను ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. పేతురు మొదటి పత్రిక మూడవ అధ్యాయం తీసి స్త్రీల అలంకారాల గురించి గట్టిగానే మాట్లాడాను. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో బీదవాడి కూలి ఏ రోజుది ఆ రోజే పొద్దు వాలకముందు ఇవ్వమని ఉన్న ఆజ్ఞను మాత్రం కుట్టుకూలికి ఎన్నడూ వర్తింపజేయలేదు. బట్ట వేసుకున్నవారిని చూశాను గాని, ఆ బట్ట చేసినవారిని చూడలేదు.

అందుకే ఆ పిల్లకు మళ్లీ జవాబు చెప్పేముందు ఈ పని ఏమిటో తెలుసుకోవాలనుకున్నాను. నేను తెలుసుకున్నది మీతో పంచుకుంటాను.

డిజైనరు చేసే పని ఏమిటి?

హైదరాబాదులో గౌరాంగ్ షా అనే డిజైనరు ఉన్నారు. ఆయన ఫ్యాషను కళాశాలలో చదివి పట్టా పుచ్చుకున్నవారు కాదు. చేనేతను పట్టుకుని పైకి వచ్చారు. డిజైనరు అనగానే కత్తెర పట్టుకుని కొత్తకొత్త కత్తిరింపులు కత్తిరించేవాడని మనం అనుకుంటాం. ఈయన పని కత్తెరతో కాదు, మగ్గం మీద మొదలవుతుంది. చేతిమగ్గం మీద జామ్దానీ నేయించడం ఈయన ప్రత్యేకత. ఒక ప్రాంతపు నేతకు మరో ప్రాంతపు అంచును జతచేయడం, పాత చీరల్లోని పువ్వులను మళ్లీ నేయించడం, ఇదే ఆయన స్టైలు.

జామ్దానీ అంటే బట్ట నేస్తుండగానే చేత్తో పువ్వు వేయడం. పడుగు అంటే నిలువు దారాలు, పేక అంటే అడ్డదారం అని చీరాల, మంగళగిరి మగ్గాలు చూసినవారికి తెలుసు. మామూలు నేతలో నాడె అటునుంచి ఇటు వెళితే ఒక పేక పడినట్లే. జామ్దానీలో అలా కాదు. ప్రతి పేకకూ ఆగాలి. పువ్వు రావలసిన చోట చిన్న కండెకు చుట్టిన రంగుదారాన్ని వేళ్లతో పడుగు దారాల మధ్య దూర్చి తీయాలి. తరువాత నాడె విసరాలి. మళ్లీ ఆగాలి. అడ్డంగా ఎన్ని పువ్వులుంటే అన్ని కండెలు అక్కడ వేలాడుతుంటాయి. మన రాష్ట్రంలో కాకినాడ దగ్గరి ఉప్పాడ ఈ నేతకు పేరుపొందింది. ఉప్పాడ జామ్దానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తరచుగా ఒక మగ్గం ముందు ఇద్దరు కూర్చుంటారు. పువ్వుల పని ఎక్కువైతే ఒక్క చీరకు వారాలు పడుతుంది, కొన్నిటికి నెలలు కూడా పడుతుంది.

గౌరాంగ్ షా చేయించిన పనుల్లో ఒకటి వింటే ఆశ్చర్యం వేస్తుంది. రవివర్మ గీసిన చిత్రాలను ఖాదీ చీరల కొంగుల మీద జామ్దానీలో నేయించారు. కుంచెతో వేసిన బొమ్మను దారంతో మళ్లీ పుట్టించడమన్నమాట. ముఖం మీద పడే వెలుగు, నీడ కూడా దారాల రంగులతోనే రావాలి.  గాంధీగారి 150వ జయంతి సందర్భంగా 2019లో వాటిని ప్రదర్శించారు. వాటిని నేసింది మన శ్రీకాకుళం జిల్లా నేతగాళ్లు.

సావిత్రిగారి జీవితం మీద 2018లో మహానటి అనే సినిమా వచ్చింది. ఆమె పుట్టినది మన గుంటూరు జిల్లాలోని చిర్రావూరే. సినిమాల మంచిచెడ్డల గురించి ఇక్కడ మాట్లాడబోవడం లేదు. ఆ సినిమాలోని దుస్తుల రూపకల్పనకు 2019లో ప్రకటించిన జాతీయ చలనచిత్ర పురస్కారం లభించింది. 1950లు, 60లలో మన తల్లులు కట్టిన చీరలు, రవికలు మళ్లీ అచ్చం అలాగే కనబడాలంటే అప్పటి నేతను మళ్లీ మగ్గం మీదికి ఎక్కించాలి. పురస్కారం ముగ్గురికి వచ్చింది: గౌరాంగ్ షా, ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావు. ముగ్గురూ అర్హులే. అయితే ఆ పురస్కారంలో నేతగాళ్ల పేర్లు లేవు. ఆ డిజైనర్లను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. లోకం తీరే అది. గీసినవారి పేరు నిలుస్తుంది, నేసినవారి పేరు నిలవదు. మంచి డిజైనరు ఉంటే నేసినవాడికి ఏడాదంతా పని దొరుకుతుంది, కష్టమైన నేత మరుగున పడకుండా ఉంటుంది. అందుకే ఆ పనిని నేను ఇక లోకం అని తీసిపారేయలేను.

చేతికి కూడా నొప్పి ఉంటుంది

చేతితో చేసినది అనగానే అదొక అందమైన మాటగా వినిపిస్తుంది. ఆ చేయి ఎవరిది, అది ఎలా ఉంది అని కూడా అడగాలి. 2019-20లో జరిగిన నాలుగవ అఖిలభారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివారు 35 లక్షలకు పైగా ఉన్నారు. వారిలో ఎక్కువమంది స్త్రీలే. ఆ కుటుంబాల్లో మూడింట రెండు వంతులు నెలకు 5,000 రూపాయలకన్న తక్కువ సంపాదిస్తున్నవే. దుకాణంలో మనం చీర ధర విని అమ్మో అంటాం. ఆ ధరలో మగ్గం గుంట దాకా చేరేది ఎంతో ఈ లెక్క చెబుతోంది.

తెలంగాణలో ఆలేరు దగ్గర శారాజీపేట అనే ఊరుంది. అక్కడ చింతకింది మల్లేశం అనే పిల్లవాడు ఆరవ తరగతితో చదువు మానేసి నేతపనిలో చేరాడు. పోచంపల్లి తరహా చీరకు దారాన్ని ముందుగా ఆసు పోయాలి. అంటే మేకులు కొట్టిన చట్రం మీద చేయి ముందుకూ వెనక్కూ ఆడిస్తూ దారాన్ని చుట్టాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి అలా ఆడించాలి. ఆ పని ఇంటి ఆడవాళ్లది. రాత్రయ్యేసరికి తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పితో బాధపడటం ఆ కొడుకు చూశాడు. ఏళ్ల తరబడి ప్రయత్నించి, ఊరివాళ్లు నవ్వినా మానక, 1999 నాటికి ఆసు పోసే యంత్రాన్ని తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసుయంత్రం అన్నాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆయన నేతపనిని తీసివేయలేదు, నేతలోని నొప్పిని తగ్గించాడు. చేతిపనిని గౌరవించడమంటే ఆ చేతిని నొప్పి పెట్టించడం కాదని ఒక కొడుకు మనకు నేర్పించాడు. మన ఇళ్లలో అమ్మలు మిషను తొక్కితొక్కి మోకాళ్లు పట్టేసి కూర్చుంటే, ఎంతమంది కొడుకులు, కూతుళ్లు ఆ సంగతి గమనిస్తున్నారు?

మన సంఘాల చరిత్రలోని లేసు

ఇక మన క్రైస్తవులకు దగ్గరి సంగతి ఒకటి చెబుతాను. నర్సాపురం లేసు చాలామంది ఎరుగుదురు. మందిరంలో బల్లమీద పరిచే లేసు గుడ్డ చాలాచోట్ల అక్కడిదే. 19వ శతాబ్దంలో స్కాట్లండు నుంచి వచ్చిన మక్రే దంపతులు అనే మిషనెరీలు గోదావరి డెల్టాలోని బీద క్రైస్తవ స్త్రీలకు ఈ అల్లిక నేర్పారు. కొనకు కొక్కెం ఉన్న ఒక సూది, ఒక దారపు ఉండ, అంతే పెట్టుబడి. కాలక్రమాన అన్ని కులాల ఇళ్లలోకీ ఆ పని వెళ్లింది. అక్కడి లేసు విదేశాలకు ఎగుమతి అయ్యింది.

మరియా మీస్ అనే జర్మనీ దేశపు పరిశోధకురాలు నర్సాపురం ప్రాంతపు గ్రామాల్లో తిరిగి, ఆ స్త్రీలతో మాట్లాడి, 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె చూసినది ఏమిటంటే, ఆ స్త్రీలు ఇంటిపని అంతా చేసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవారు. ఒకరు పువ్వులు అల్లితే, మరొకరు వాటిని కలిపి అతుకుపని చేసేవారు. దారం తెచ్చేది, సరుకు పట్టుకుపోయేది ఏజెంటు. వ్యాపారులు మేడలు కట్టారు, అల్లినవారికి దక్కింది మాత్రం బహు కొద్ది. అంత తక్కువ ఇవ్వడానికి చెప్పిన సాకు ఏమిటో తెలుసా? వీరు ఇంట్లో ఉండే ఆడవాళ్లు, తీరికవేళ ఊరకనే అల్లుకుంటున్నారు అని!

ఇది చదివి నేను ఉలిక్కిపడ్డాను. మా సంఘంలోని సహోదరి గురించి నేను మనసులో అనుకున్నదీ అదే గదా? ఇంట్లోనే ఉంటుంది, ఖాళీగా ఉన్నప్పుడు కుడుతుంది, తరువాత ఇవ్వవచ్చులే అనుకున్నాను. 2024లో నర్సాపురం లేసుకు కూడా భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే ఊరి పేరుకు గుర్తింపు వచ్చినంత మాత్రాన అల్లిన వేళ్లకు న్యాయం జరిగిపోదు. అది కొనేవారి చేతిలోనూ, కొనిపించేవారి చేతిలోనూ ఉంది.

రెడీమేడు బట్టలు కొంటే ఈ గొడవ లేదనుకుంటారేమో. యంత్రం మీద కుట్టిన చొక్కానైనా ఆ యంత్రం ముందు కూర్చుని కుట్టేది మనిషే. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కూలిపోయింది. గోడలు బీటలు వారాయని ముందురోజే తెలిసినా, పనివారిని లోపలికి పంపారు. 1,100 మందికి పైగా చనిపోయారు. వారంతా పెద్దపెద్ద దేశాల దుకాణాలకు చౌక చొక్కాలు కుట్టిపెడుతున్న బీద స్త్రీలు, యువకులే. బట్ట చౌకగా వచ్చిందంటే ఎక్కడో ఎవరో ఆ మిగతా ధర చెల్లించారన్నమాట.

గ్రంథంలోని కుట్టుపనివారు

మన పరిశుద్ధ గ్రంథం ఈ పనిని ఎంత గౌరవించిందో ఒకసారి చూడండి. గుడారపు పనికీ, యాజకుల వస్త్రాలకూ దేవుడు బెసలేలును, అహోలీయాబును పేరు పెట్టి పిలిచాడు. నేసినవారి పేరు అక్కడ మరుగున పడలేదు. హన్నా ఏటేటా సమూయేలుకు చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్లేది. ఏడాదికొకసారే చూడగలిగిన కొడుకు ఎంత ఎదిగి ఉంటాడో ఏ ఆది అంగీ లేకుండానే ఆ తల్లి అంచనా వేసుకుని కుట్టింది. యేసుప్రభువు అంగీ కుట్టు లేకుండా పైనుంచి ఒకటే నేతగా నేసినదని యోహాను రాశాడు. సైనికులు కూడా దానిని చింపడానికి మనసొప్పక చీట్లు వేసుకున్నారు. ఆ అంగీని నేసిన చేయి ఎవరిదో మనకు తెలియదు గాని, ఆ పనితనం సిలువ దగ్గర కూడా కంటికి కనబడింది.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు పేతురుకు విధవరాండ్రు ఏం చూపించారు? ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు చూపించి ఏడ్చారు. ఆమె సాక్ష్యం అవే. మన స్త్రీల సమాజాలకు దొర్కా పేరు పెట్టుకుంటాం. మన మధ్య మిషను తొక్కే దొర్కాకు మాత్రం బాకీ పడతాం!

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు

ఇక ఆ పిల్ల చదువు సంగతి. ఇలాంటి ప్రశ్న ఉన్న ఇళ్లు ఇంకా ఉంటాయి గనుక నాకు తెలిసినది చెబుతాను. హైదరాబాదులో జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ 1995 నుంచి ఉంది. ఇంటరు తరువాత ప్రవేశపరీక్ష రాసి చేరాలి, నాలుగేళ్ల డిగ్రీ. ఖర్చు ఎక్కువే, ముందుగా ఆలోచించుకోవాలి. రెండో దారి వెంకటగిరి. అక్కడి చేనేత సాంకేతిక సంస్థలో పదవ తరగతి అర్హతతోనే మూడేళ్ల డిప్లొమా ఉంది. ఆ సంస్థకు ప్రగడ కోటయ్యగారి పేరు పెట్టారు. ఆయన ఎవరో కాదు, మన పొన్నూరు పక్కన నిడుబ్రోలులో పుట్టి, జీవితమంతా చేనేతవారి తరఫున మాట్లాడిన నాయకుడు. మన పక్క ఊరి మనిషి పేరున్న సంస్థ గురించి మన పిల్లలకు మనమే చెప్పకపోతే ఎలా?

తల్లిదండ్రులారా, ఈ పని నేర్చుకునే పిల్లలకు ఒక్క మాట చెప్పి పంపండి. బట్టకు అందం తెచ్చేది కత్తిరింపు ఒక్కటే కాదు, అది ఎవరి చెమటో తెలిసి ఉండటం కూడా. సిగ్గు కాపాడే బట్ట, నాలుగేళ్లు మన్నే బట్ట, నేసినవాడికీ కుట్టినవాడికీ కూలి ముట్టిన బట్ట, అలాంటివి చేయగల డిజైనరు మన ఊళ్లకు కావాలి.

మనం చేయగలిగినవి

లక్షలు పోసి కొనే జామ్దానీ చీరలు మన ఇళ్లకు రావు. రానక్కరలేదు. అయితే మనం రేపటినుంచే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

కుట్టుకూలి ఇచ్చాకే బట్ట ఇంటికి తీసుకువెళ్లండి. చేతిలో లేకపోతే ఏ రోజు ఇస్తారో తారీఖు చెప్పండి, ఆ రోజు ఇవ్వండి.

క్రిస్మసు బట్టలు నవంబరులోనే ఇవ్వండి. 20వ తారీఖున తాను పట్టుకెళ్లి 24 సాయంత్రానికి కావాలంటే, ఆ తల్లి రాత్రంతా కాజాలు కుట్టుకుంటూ పండుగ ఆరాధనకు కళ్లు మూతలు పడుతూ వస్తుంది. ఆమెకూ పండుగే గదా!

మగ్గం వర్కు జాకెట్టుకు బేరమాడే ముందు, అది ఎన్ని గంటల పనో అడగండి. ఆ డబ్బును గంటలతో భాగించి చూడండి. పొలంలో కలుపు తీసే కూలికన్న తక్కువ వస్తే బేరం ఆపండి.

చేనేత అని చెప్పి అమ్మే చీరను తిరగేసి చూడండి. చేతి జామ్దానీకి వెనుకవైపు కూడా పువ్వు దాదాపు ముందువైపులాగే ఉంటుంది, పొడుగు దారాలు వేలాడవు. చేతిమగ్గం బట్ట అంచుల్లో తరచుగా సన్నని సూదిపోట్లలాంటి రంధ్రాలు కనబడతాయి. మగ్గం మీద బట్టను వెడల్పుగా పట్టి ఉంచే కర్ర మొనల గుర్తులవి. 2006 నుంచి ప్రభుత్వం ఇస్తున్న హ్యాండ్‌లూమ్ మార్కు ఉందేమో చూడండి. పవర్‌లూమ్ చీరను చేనేత అని అమ్మితే మనం మోసపోవడం ఒక్కటే కాదు, చీరాలలోనో మంగళగిరిలోనో ఒక మగ్గం ఆగిపోతుంది.

ఆ తరువాత

మరుసటి ఉదయమే నేనూ మా ఇంటావిడా వెళ్లి బాకీ తీర్చాం. క్షమించమని అడిగాను. ఆ సహోదరి నోట మాట రాలేదు. ఆదివారం ప్రసంగంలో, ఆమె పేరు చెప్పకుండా, నా తప్పును సంఘం ముందు ఒప్పుకున్నాను. ఎవరెవరి ఇళ్లలో ఎవరెవరికి కుట్టుకూలి, చాకిరీ కూలి బాకీ ఉందో సాయంత్రంలోగా చూసుకోమన్నాను. ఆ సాయంత్రం కొందరు ఆమె గుమ్మం దాకా వెళ్లారు. కొందరు వెళ్లలేదు. ఒక పెద్దాయన నాతో, "అయ్యగారూ, మందిరంలో ఈ అప్పుల మాటలెందుకండీ?" అని నొచ్చుకున్నాడు. ఆయనకు కోపం రావడం నాకు అర్థమయ్యింది. నాకూ ఆ నోటుపుస్తకం చూసిన రాత్రి అంతే కోపం వచ్చింది, నామీద నాకే.

అమ్మాయి చదువు ఇంకా తేలలేదు. మేనమామ పూర్తిగా ఒప్పుకోలేదు. ఆయనతో మాట్లాడే బాధ్యత నేను తీసుకున్నాను. పిల్లను చెడగొట్టే చదువు అని మొదట అన్నది నేనే గనుక, కాదని చెప్పవలసినదీ నేనే.

ఒక మాట మిగిలింది. ఆ ఆదివారం ఆరాధనకు క్రిస్మసు లాల్చీ తీసి తొడుక్కుంటూ మెడపట్టీ మొదటిసారి పరకాయించి చూశాను. తెల్లబట్ట మీద తెల్లదారంతో, దగ్గరికి పెట్టి చూస్తేగాని కనబడనంత సన్నగా, రెండువైపులా రెండు వరికంకులు కుట్టి ఉన్నాయి. మా పొలాల్లో కోతకు ముందు గింజబరువుకు వంగినట్టుగానే వంచి కుట్టింది ఆ పిల్ల. అయిదు నెలలుగా ఆ లాల్చీ వేసుకుని ప్రసంగిస్తున్నాను. ఒక్కసారీ చూడలేదు.

మీ బీరువాలో కూడా ఎవరిదో పనితనం మడత పెట్టి ఉంటుంది. ఈ పత్రిక పక్కన పెట్టి, ఒకసారి తీసి చూడండి. కుట్టినవారి పేరు గుర్తు చేసుకోండి. వారికి ఇవ్వవలసినది ఏమైనా ఉంటే, పొద్దు వాలకముందే ఇచ్చి రండి.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం.

మీ సహోదరుడు